శీతాకాలంలో పాతకాలపు ఓపెన్ కార్లు

తొలితరం మోటారు కార్లకు స్థిరమైన పైకప్పు గాని, పక్క అద్దాలు గాని ఉండేవి కావు. ఇటువంటి వాటిని ఓపెన్ కార్లు అంటారు. 1920ల ప్రారంభం వరకు ప్రపంచంలో తయారైన కార్లలో ఎక్కువ భాగం ఇవే. వీటిని చలికాలంలో నడిపే విధానాలు, హిమం కురిసే దేశాలలో వీటికి చేసిన మార్పులు, తెలుగు ప్రాంతాల చలికాలంలో వీటి వాడకం ఈ వ్యాసంలోని విషయాలు.

చలిదేశాలలో శీతాకాలం ఈ కార్లకు ప్రధాన శత్రువు. ఇంజన్‌లో నీరు గడ్డకడుతుంది, చక్రాలు హిమంలో కూరుకుపోతాయి, నడిపేవారి చేతులు కొంకర్లు పోతాయి. తెలుగు ప్రాంతాలలో పరిస్థితి దీనికి పూర్తిగా భిన్నం. ఇక్కడ ఈ కార్లను బాధించేది వేసవి. నవంబరు నుండి ఫిబ్రవరి వరకు ఉండే చలికాలమే వాటికి అనువైన కాలం. అయితే ఈ కాలంలో తెల్లవారుజామున కమ్మే పొగమంచు ఇక్కడి ప్రత్యేకమైన ప్రమాదం.

పేర్లు, నిర్వచనాలు

తెలుగులో మంచు అనే మాటను పొగమంచుకు, గడ్డిపై నిలిచే మంచు బిందువులకు, ఆకాశం నుండి రాలే హిమానికి, గడ్డకట్టిన నీటికి కూడా వాడుతారు. కారు నడిపేవారికి ఇవి నాలుగు వేర్వేరు సమస్యలు. పొగమంచు చూపును అడ్డుకుంటుంది. మంచు బిందువులు అద్దాన్ని, విద్యుత్ తీగలను తడుపుతాయి. హిమం చక్రాలను దిగబెడుతుంది. రోడ్డుపై గడ్డకట్టిన నీరు పట్టు లేకుండా చేస్తుంది. ఈ వ్యాసంలో ఆకాశం నుండి రాలేదానికి హిమం అనే మాట వాడబడింది.

పాత కార్ల వర్గీకరణ దేశాన్ని బట్టి మారుతుంది. బ్రిటన్‌లో 1919 నుండి 1930 వరకు తయారైన వాటిని వింటేజ్ కార్లు అంటారు. అంతకు ముందరి వాటికి వెటరన్ వంటి పేర్లు ఉన్నాయి. భారతదేశపు నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 సంవత్సరాలు దాటిన, అసలు రూపంలో ఉన్న ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనం వింటేజ్ వాహనం అవుతుంది.

చరిత్ర

కార్ల్ బెంజ్ 1886 జనవరి 29న పేటెంటుకు దరఖాస్తు చేసిన మూడు చక్రాల బండికి పైకప్పు లేదు. ఆ తరువాతి కార్లు కూడా గుర్రపు బగ్గీల నమూనాలోనే తయారయ్యాయి. వానకు, ఎండకు మడిచి తెరిచే గుడ్డ టాపు, పక్కలకు బొత్తాలతో తగిలించే పరదాలు మాత్రమే ఉండేవి.

1896 నవంబరు 14న ఇంగ్లాండులో మోటారు వాహనాల వేగపరిమితి గంటకు 4 మైళ్ళ నుండి 14 మైళ్ళకు పెరిగిన సందర్భంగా లండన్ నుండి బ్రైటన్ వరకు కార్ల యాత్ర జరిగింది. దాని జ్ఞాపకార్థం 1927లో మొదలైన బ్రైటన్ వెటరన్ కార్ యాత్ర ప్రతి సంవత్సరం నవంబరు మొదటి ఆదివారం జరుగుతుంది. 1905కు ముందు తయారైన కార్లకే ఇందులో ప్రవేశం. సూర్యోదయ సమయంలో లండన్‌లోని హైడ్ పార్కు వద్ద బయలుదేరి సుమారు 60 మైళ్ళు ప్రయాణిస్తాయి. చలిలో, ఒక్కోసారి వానలో, ఓపెన్ కారు నడపడం ఎట్లా ఉండేదో ఈ యాత్ర నేటికీ చూపుతుంది.

ఈనాటి కార్లలో కనిపించే అనేక పరికరాలు చలికాలపు ఇబ్బందుల నుండే పుట్టాయి. అమెరికాకు చెందిన మేరీ ఆండర్సన్ న్యూయార్కులో ఒక చలికాలపు రోజున ట్రామ్ డ్రైవరు అద్దంపై పడిన హిమం వల్ల పడుతున్న అవస్థ చూసి, లోపలి నుండి చేతితో తిప్పే వైపరును రూపొందించింది. ఆమెకు 1903 నవంబరు 10న పేటెంటు లభించింది. జారే రోడ్లపై కొందరు టైర్లకు తాళ్ళు చుట్టుకొని పోవడం గమనించిన హ్యారీ వీడ్ ఇనుప గొలుసులను తయారు చేసి 1904లో పేటెంటు పొందాడు. చార్లెస్ కెట్టరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టరు 1912లో కాడిలాక్ కార్లలో వచ్చింది. చలికి బిగిసిపోయిన ఇంజన్‌ను చేతితో తిప్పే కష్టం దీనితో తీరింది.

1922 నాటికి అమెరికాలో హడ్సన్ సంస్థ ఎసెక్స్ అనే మూసిన కారును ఓపెన్ కారుకు దగ్గరి ధరకు అమ్మసాగింది. మిగిలిన సంస్థలు కూడా ఇదే దారి పట్టాయి. 1920ల చివరికి అక్కడ అమ్ముడయ్యే కార్లలో అత్యధికం మూసినవే అయ్యాయి. ఓపెన్ కారు రోజువారీ అవసరం నుండి సరదా వస్తువుగా మారింది.

చలి వలన కలిగే ఇబ్బందులు

ఇంజన్ నీరు: నీరు గడ్డకట్టినపుడు దాని పరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది. ఇంజన్ దిమ్మెలోను, రేడియేటరులోను మిగిలిన నీరు ఈ విధంగా వ్యాకోచించి పోత ఇనుమును సైతం పగులగొడుతుంది. ఆ రోజుల్లో రాత్రి కారు నిలిపిన వెంటనే నీరంతా వదిలివేసి, ఉదయం వేడినీరు పోసేవారు. నీటిలో ఆల్కహాలు గాని గ్లిజరిన్ గాని కలిపేవారు. ఆల్కహాలు వేడికి ఆవిరైపోయేది కనుక మళ్ళీ మళ్ళీ పోయవలసి వచ్చేది. 1927లో ఇథిలీన్ గ్లైకాల్‌తో చేసిన ప్రెస్టోన్ మార్కెట్లోకి రావడంతో ఈ బాధ తగ్గింది.

ఫోర్డ్ మోడల్ టి (1908-1927) కారులో మరొక చిక్కు ఉన్నది. మొదటి కొన్ని వేల కార్లను మినహాయిస్తే ఇందులో నీటి పంపు లేదు. వేడెక్కిన నీరు తేలికై పైకి పోవడం, చల్లబడిన నీరు కిందికి దిగడం అనే సహజ సూత్రంతోనే నీరు తిరుగుతుంది. తీవ్రమైన చలిలో ఈ ప్రవాహం మొదలు కాకముందే రేడియేటరు కింది భాగం గడ్డకట్టవచ్చు. అప్పుడు ముందు రేడియేటరు గడ్డకడుతూ, వెనుక ఇంజన్ మరిగిపోతుంది. దీని నివారణకు రేడియేటరుకు కంబళి లేదా తోలు తొడుగు కప్పేవారు.

నూనె: చలిలో ఇంజన్ ఆయిల్ చిక్కబడుతుంది. మోడల్ టిలో గేర్లు, క్లచ్ పలకలు ఇంజన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి. చిక్కని నూనె వలన పలకలు విడిపడక, హ్యాండిల్ తిప్పగానే కారు ముందున్న మనిషి మీదికి కదిలేది. అందుచేత చలి ఉదయాలలో ఒక వెనుక చక్రాన్ని జాకీతో నేలకు పైన లేపి స్టార్టు చేసేవారు.

హ్యాండిల్: స్పార్క్ సమయం ముందుకు ఉంటే ఇంజన్ వెనక్కి తన్ని, హ్యాండిల్ పట్టుకున్న చేయి విరిగే ప్రమాదం ఉన్నది. స్పార్క్ లివరును ఆలస్యపు స్థానంలో ఉంచి, బొటనవేలిని మిగిలిన వేళ్ళ వైపే ఉంచుకొని, కింది నుండి పైకి లాగడం సురక్షితమైన పద్ధతి.

దీపాలు: తొలి కార్ల పెద్ద దీపాలు కార్బైడ్‌పై నీటి చుక్కలు పడినపుడు పుట్టే ఎసిటిలీన్ వాయువుతో వెలిగేవి. ఆ నీరు గడ్డకడితే దీపం ఆరిపోయేది. తరువాతి కార్ల 6 వోల్టుల బ్యాటరీలు చలికి శక్తిని కోల్పోతాయి.

నడిపేవారు: ఓపెన్ కారులో గాలి నేరుగా ముఖానికి కొట్టడం వలన చలి రెట్టింపుగా తోస్తుంది. వాతావరణ శాస్త్రవేత్తల సూత్రం ప్రకారం, 10 డిగ్రీల సెల్సియస్ వద్ద గంటకు 40 కిలోమీటర్ల గాలి తగిలినపుడు శరీరానికి సుమారు 6 డిగ్రీల వలె అనిపిస్తుంది. మైనస్ 10 డిగ్రీల వద్ద అదే గాలికి సుమారు మైనస్ 21 డిగ్రీల వలె ఉంటుంది. ఆనాటి వాహకులు బొచ్చు కోట్లు, కళ్ళద్దాలు, పొడవైన చేతి తొడుగులు ధరించేవారు. కాళ్ళ కింద నిప్పుల పెట్టె, ఒడిలో మందపాటి రగ్గు ఉంచుకునేవారు. చేతులు మొద్దుబారితే బ్రేకు, లివర్లు సకాలంలో అందవు కనుక ఇది సౌకర్యం కోసం మాత్రమే కాదు, ప్రాణరక్షణకు కూడా అవసరం.

హిమానికి అనువుగా మార్చిన వాహనాలు

మోడల్ టి చక్రాలు ఎత్తైనవి, సన్ననివి. పలుచని హిమాన్ని అవి కత్తివలె కోసుకొని గట్టినేలను అందుకుంటాయి. కాని హిమం లోతుగా ఉంటే అవే చక్రాలు కూరుకుపోయి, కారు అడుగుభాగం హిమంపై ఆనుకుంటుంది. దీనికి పరిష్కారం బరువును ఎక్కువ వైశాల్యంపై పరచడం. తెలుగు రైతులకు ఈ సూత్రం పరిచయమైనదే. బురద పొలంలో దమ్ము చేసేటప్పుడు ట్రాక్టరుకు తగిలించే కేజ్ వీల్స్ కూడా మెత్తని నేలపై దిగబడకుండా పట్టు ఇవ్వడానికే. వాటితో తారు రోడ్డెక్కితే రోడ్డు చెడినట్లే, హిమం లేని రోడ్డుపై గొలుసులతో నడిపితే రోడ్డుకు, టైరుకు కూడా నష్టం.

అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో ఫోర్డ్ కార్ల వ్యాపారి అయిన వర్జిల్ వైట్ మోడల్ టికి తగిలించే సామగ్రిని రూపొందించి 1917లో పేటెంటు పొందాడు. 1922 నుండి దానిని స్నోమొబైల్ అనే పేరుతో అమ్మాడు. ముందు చక్రాల స్థానంలో రెండు స్కీ పలకలు, వెనుక అదనంగా మరో జత చక్రాలు, ఆ రెండు జతలను చుట్టి ఉండే లోహపు పట్టా ఇందులోని భాగాలు. వసంతం రాగానే వీటిని విప్పి మామూలు చక్రాలు బిగించుకోవచ్చు. అప్పట్లో అక్కడి పల్లె దారులలో హిమాన్ని తొలగించేవారు కాదు. గుర్రాలు లాగే పెద్ద రోలర్లతో స్లెడ్జి బండ్ల కోసం అణగదొక్కేవారు. చాలామంది కార్లను దిమ్మెలపై ఎక్కించి చలికాలమంతా కొట్టంలో ఉంచేవారు. ఇట్లా ఆపలేని వృత్తులవారు, ముఖ్యంగా గ్రామీణ వైద్యులు, తపాలా ఉద్యోగులు, ఈ స్నోమొబైల్‌ను కొన్నారు.

రష్యా చక్రవర్తి రెండవ నికొలస్ కార్ల శాలలో పనిచేసిన ఫ్రెంచి ఇంజనీరు అడోల్ఫ్ కెగ్రెస్ వెనుక చక్రాల బదులు మెత్తని పట్టాలను అమర్చే విధానాన్ని కనిపెట్టాడు. లెనిన్ వాడిన రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ కారుకు ఇటువంటి పట్టాలు, ముందు స్కీలు అమర్చబడ్డాయి. ఆ కారు మాస్కో సమీపంలోని గోర్కి లెనిన్‌స్కియే మ్యూజియంలో ఉన్నది. 1917 విప్లవం తరువాత కెగ్రెస్ ఫ్రాన్సుకు తిరిగివెళ్ళి సిట్రోయెన్ సంస్థలో చేరాడు. హిమం కోసం పుట్టిన అతని పట్టా ఇసుకలోను పనికివచ్చింది. 1922 డిసెంబరు 17న బయలుదేరిన సిట్రోయెన్ బండ్లు 1923 జనవరి 7 నాటికి సహారా ఎడారిని దాటి టింబక్టూ చేరాయి. 1931లో బీరూట్ నుండి పెకింగ్‌కు సాగిన యాత్రలో రెండు పట్టా బండ్లు కాశ్మీరులోని శ్రీనగర్ నుండి హిమాలయ కనుమల మీదుగా గిల్గిత్ చేరాయి.

కెనడాలోని క్విబెక్ రాష్ట్రానికి చెందిన జోసెఫ్ అర్మాండ్ బొంబార్డియే చిన్న కుమారుడు 1934 చలికాలంలో తీవ్రమైన కడుపు జబ్బు పడ్డాడు. దారులు హిమంతో మూసుకుపోవడంతో ఆసుపత్రికి తీసుకువెళ్ళే సాధనం లేక ఆ బాలుడు మరణించాడు. అప్పటికే హిమ వాహనాలపై ప్రయోగాలు చేస్తున్న బొంబార్డియే 1937లో పళ్ళ చక్రంతో తిరిగే పట్టాకు పేటెంటు పొంది, ఏడుగురు కూర్చునే బి7 అనే వాహనాన్ని తయారు చేశాడు. తరువాత వచ్చిన బి12 అంబులెన్సుగా, బడిపిల్లల బస్సుగా, తపాలా బండిగా ఉపయోగపడింది. ఇవి మూసిన వాహనాలు. 1948 తరువాత క్విబెక్ ప్రభుత్వం గ్రామీణ దారులలో హిమం తొలగించే ఏర్పాటు చేయడంతో వీటి గిరాకీ పడిపోయింది. 1959లో అదే సంస్థ చిన్న ఓపెన్ బండి అయిన స్కీ-డూను విడుదల చేసింది.

తెలుగు ప్రాంతాలలో

తెలుగు నేలపై హిమం కురిసే పట్టణం ఏదీ లేదు. అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలో సుమారు 1,000 మీటర్ల ఎత్తున ఉన్న లంబసింగిలో డిసెంబరు, జనవరి నెలలలో ఉష్ణోగ్రత కొన్ని రోజులు 0 డిగ్రీల దరిదాపుకు పడిపోతుంది. అక్కడ పర్యాటకులు చూసేది కూడా ప్రధానంగా పొగమంచే.

హైదరాబాదు సంస్థానంలో కార్ల వాడకం 20వ శతాబ్దం తొలి సంవత్సరాలలోనే మొదలైంది. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ కోసం తయారైన 1912 నాటి పసుపుపచ్చని రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ కారు ప్రసిద్ధమైనది. దీని బాడీని లండన్‌కు చెందిన బార్కర్ సంస్థ నిర్మించింది. వెనుక ఆసనం సింహాసనం వలె ఎత్తుగా ఉండడం దీని ప్రత్యేకత. 1911లో మహబూబ్ అలీ ఖాన్ మరణించడంతో ఇది ఏడవ నిజాం ఉస్మాన్ అలీ ఖాన్‌కు సంక్రమించింది. ఈ కారు హైదరాబాదులోని చౌమహల్లా ప్యాలెస్‌లో ప్రదర్శనకు ఉంచబడింది. ఒకే సిల్వర్ ఘోస్ట్ నమూనా మాస్కోలో స్కీలు తొడుక్కోగా, హైదరాబాదులో సింహాసనాన్ని మోసింది.

తెలంగాణలో మే నెల పగటి ఉష్ణోగ్రత 45 డిగ్రీలకు చేరుతుంది. ఆ వేడికి రేడియేటరు మరిగిపోవడం, గొట్టాలలోనే పెట్రోలు ఆవిరై ఇంజన్‌కు అందకపోవడం పాత కార్లకు మామూలు. చలికాలంలో ఈ రెండు ఇబ్బందులు తగ్గుతాయి. దేశంలో పాత కార్ల ర్యాలీలు ఎక్కువగా చలికాలంలోనే జరగడానికి ఇది ఒక కారణం. ఢిల్లీలో 1964లో ప్రారంభమైన స్టేట్స్‌మన్ ర్యాలీ కూడా ఈ కాలంలో జరిగేదే.

కాళేశ్వరం దారి

తెలంగాణ చలికాలంలో ఓపెన్ కారుకు ఎదురయ్యే పరిస్థితులకు వరంగల్ వైపు నుండి కాళేశ్వరం వెళ్ళే దారి మంచి ఉదాహరణ. జయశంకర్ భూపాలపల్లి జిల్లా మహాదేవపూర్ మండలంలో గోదావరి, ప్రాణహిత నదుల సంగమం వద్ద కాళేశ్వర ముక్తీశ్వర క్షేత్రం ఉన్నది. పరకాల, భూపాలపల్లి, కాటారం, మహాదేవపూర్ మీదుగా సాగే దారి 353సి జాతీయ రహదారిలో భాగం. గోదావరి దాటితే మహారాష్ట్రలోని సిరోంచ.

పొడవైన రాత్రులలో నేల త్వరగా చల్లబడుతుంది. నది నుండి, అడవి నుండి వచ్చే తేమ గాలి కదలిక లేనిచోట నేలపై పొగమంచుగా నిలుస్తుంది. సంగమం సమీపంలోను, వాగుల వంతెనల వద్దను ఇది దట్టంగా ఉంటుంది. కొన్ని అడుగుల దూరం కూడా కనిపించని ఈ స్థితిలో, వెనుక చక్రాలకో గేరు డబ్బాకో మాత్రమే బ్రేకు ఉన్న కారు సకాలంలో ఆగలేదు. ఈ దారిలో సింగరేణి బొగ్గు లారీలు, ఇసుక లారీలు తిరుగుతాయి. నవంబరు, డిసెంబరులలో రైతులు వడ్లను రోడ్డు పక్కనే ఆరబోసి, చుట్టూ రాళ్ళు పెడతారు. వెనుక దీపాలు లేని ట్రాక్టరు ట్రాలీలు ఎదురవుతాయి. చలిదేశపు వాహకుడికి హిమం ఎంత ప్రమాదమో, ఇక్కడి వాహకుడికి పొగమంచులో దాగిన వడ్లరాశి అంత ప్రమాదం.

నడపడంలో జాగ్రత్తలు

* తెలుగు ప్రాంతాలలో సూర్యుడు పైకి వచ్చి పొగమంచు విడిన తరువాతనే బయలుదేరడం మేలు.
* పాత దీపాల వెలుతురు చాలదు. వెనుక ఎర్ర దీపం, రిఫ్లెక్టరు తప్పనిసరిగా ఉండాలి. తీసివేయదగిన విద్యుత్ దీపాలను అమర్చుకుంటే కారు అసలు రూపం చెడదు.
* పొగమంచులో పెద్ద దీపాలను కిందికి వంచి ఉంచాలి. పైకి ఉంటే వెలుతురు పొగమంచుపై పడి కళ్ళలోకే తిరిగి వస్తుంది.
* రెండు భాగాలుగా ఉండే ముందు అద్దం తడిసినపుడు, పై భాగాన్ని తెరిచి దాని సందులోనుండి చూడవచ్చు. దీని కోసమే పాత కార్లలో అద్దం మడిచే ఏర్పాటు ఉండేది.
* చోక్‌ను అవసరానికి మించి లాగి ఉంచరాదు. కాలని పెట్రోలు నూనెలో కలిసి దానిని పలుచన చేస్తుంది.
* చెవులు, మెడ, మణికట్లు మూసి ఉండేటట్లు దుస్తులు ధరించాలి. వదులైన మఫ్లరు, చున్నీ, చీర కొంగు గాలికి ఎగిరి చక్రాలలో చిక్కుకునే ప్రమాదం ఉన్నది.
* హిమం ఉన్న రోడ్డుపై వేగం తగ్గించడానికి ముందుగానే పెట్రోలు తగ్గించి, బ్రేకును మెల్లగా వాడాలి.

సంరక్షణ

హిమ దేశాలలో పాత కార్లను చలికాలంలో బయటికి తీయకపోవడానికి ప్రధాన కారణం ఉప్పు. రోడ్లపై గడ్డకట్టిన నీటిని కరిగించడానికి ఉప్పు చల్లే విధానం అమెరికాలో 1940ల ప్రారంభంలో న్యూ హాంప్‌షైర్‌లో రాష్ట్ర విధానంగా అమలులోకి వచ్చి, తరువాత విస్తరించింది. వర్జిల్ వైట్ స్నోమొబైల్ నడిచిన కాలంలో అదే రాష్ట్రపు దారులపై ఈ ఉప్పు లేదు. ఉప్పునీరు చాసిస్ సందులలో చేరి ఇనుమును తినివేస్తుంది.

తెలుగు ప్రాంతాలలో సమస్య పెట్రోలులోని ఇథనాల్. 2025 నాటికి దేశంలో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు విస్తృతంగా అమలులోకి వచ్చింది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. పాత కార్బురేటర్లలోని బెండు తెప్పలపై పూసిన లక్క పూతను కరిగిస్తుంది, పాత రబ్బరు గొట్టాలను ఉబ్బింపజేస్తుంది. అందుచేత ఎక్కువ కాలం నిలిపే కారులో పెట్రోలు తీసివేయడం, గొట్టాలను మార్చడం అవసరం.

నిలిచిన కారు కూడా చెడిపోతుంది. సీళ్ళు ఎండిపోతాయి, టైర్లు ఒకవైపు అణిగిపోతాయి, సిలిండర్లలో తుప్పు చేరుతుంది. ఉప్పు లేని రోడ్లు, గడ్డకట్టని నీరు, మరగని రేడియేటరు మూడూ లభించే తెలుగు ప్రాంతపు చలికాలపు పగటిపూట ఇటువంటి కార్లను కొద్ది దూరమైనా నడపడానికి తగిన సమయం.

నిబంధనలు

2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం వింటేజ్ వాహనాల రిజిస్ట్రేషన్‌కు ప్రత్యేక నిబంధనలు ప్రకటించింది. కొత్త రిజిస్ట్రేషన్ రుసుము 20,000 రూపాయలు, గడువు 10 సంవత్సరాలు, పునః రిజిస్ట్రేషన్ రుసుము 5,000 రూపాయలు. నంబరులో రాష్ట్ర సంకేతం తరువాత వి.ఎ. అనే అక్షరాలు ఉంటాయి. ప్రదర్శనలు, ర్యాలీలు, సాంకేతిక పరిశోధన, ఇంధనం నింపుకోవడం, మరమ్మతుల కోసం మాత్రమే వీటిని రోడ్డుపై నడపవచ్చు. రోజువారీ ప్రయాణానికి, వ్యాపారానికి వాడరాదు. చాసిస్, బాడీ, ఇంజన్లలో గణనీయమైన మార్పులు చేసిన వాహనం ఈ నిర్వచనం కిందికి రాదు.